నాలుగూ పది బస్సు

ఫారాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.
'అత్యుత్తమం' గడిలో అరవై రెండు టిక్కులు,
ఒకే పెన్ను చేతులు మారినట్టు.
ఒక్క ఫారం వెనక మాత్రం పెన్సిల్‌తో,
చెరిపేద్దామనుకుని ఆగిపోయినట్టు:
'మాస్టారి ఈపు మాకు బాగా గురుతు.
మొకం గురుతు నేదు.'

ఎచ్చెర్ల దగ్గర, హైవే లారీల హోరులో
పంతొమ్మిదేళ్లుగా ఇదే గది, ఇవే నోట్సు.
అంచులు పకోడీల కాగితంలా నూనె రంగుకి తిరిగాయి.
చూడకుండా చెప్పగలను, అదే నా గర్వం.
ఎవర్నీ చూడకుండా అని
ఇన్నాళ్లూ తట్టలేదు.

ఆ సాయంత్రం అటెండరు నూకరాజు తాళం వేయబోతుంటే
ఆపి, వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను.
మోకాళ్లు పట్టలేదు.
నేను రాసిన సూత్రమే, కిటికీ వెలుగు పడి
సగం తెల్లటి మరక.
ఫ్యాను తన పాఠం తాను చెప్పుకుపోతోంది, కటకటకట.
"ఏటి సారూ, పోనాదేటైనా ఎతుకుతన్నారా?"
ఔననే అన్నాను.

మార్గదర్శి రిజిస్టరని ఒకటుంది మా శాఖలో, నీలం అట్టది.
కమిటీ వచ్చే ముందు రాత్రి
ముగ్గురం కూర్చుని, టీలు తెప్పించుకుని,
నలభై మంది పిల్లల కష్టాలు కల్పించాం.
'విద్యార్థికి ధైర్యం చెప్పడమైనది'
రాసి రాసి నా వేలు కాయ కాసింది.
కమిటీవారు మెచ్చుకున్నారు.
పలాస జీడిపప్పునీ మెచ్చుకున్నారు.

ఈసారి నిజంగానే, గురువారం నాలుగింటికి
తలుపు తెరిచి కూర్చున్నాను.
మొదటి వారం ఎవరూ లేరు.
రెండో వారం ఒక ఉడత.
మూడో వారం పక్క గది మిత్రుడొచ్చి
"పిల్లలకి ఆసక్తి లేదండీ" అన్నాడు.
నమ్మితే హాయిగానే ఉండేది,
వరండాలో సవర సుగ్గాయి ఎదురుపడకపోతే.
"నాలుగూ పదికండి మా బస్సు.
అదెలిపోతే సీతంపేట బండి అందదు."

పంతొమ్మిదేళ్ల సర్వీసులో
నేను చదవని ఒకే ఒక్క టైమ్‌టేబులు.

క్యారేజీలు విప్పే వేళకి మార్చాను.
సుగ్గాయి వచ్చింది, వెనకాలే భావనపాడు దానేసు.
"పెశ్నే అరదమవదండి, ఇంగిలీసులో.
తెలుగులో అడిగితే సెప్పీగలను."
అడిగాను.
పది రోజులు వల వేస్తే ఎన్నిసార్లు ఖాళీగా లేచిందో
వేళ్ల కణుపుల మీద చెప్పాడు.
రేపటి వలకి నిన్నటి వలతో సంబంధం లేదు,
అదే సంభావ్యత, అన్నాను నేను.
దానేసు సాంబారన్నం మింగి, తల అడ్డంగా ఊపాడు.
"ఉంటాదండి. నిన్న గాలి తిరిగిపోతే
ఇయ్యాల కూడా సేప దూరమే."
సుద్దముక్క వాడి చేతిలో పెట్టి
బోర్డు పక్కకి జరిగాను.
నా పుస్తకంలో ఆ అధ్యాయం
ఇంకా ఏడు పేజీల అవతల ఉంది.

గొప్పగా ఏం మారిపోలేదు.
సుగ్గాయి తప్పిన పేపరు నాలుగు మార్కుల్లో మళ్లీ తప్పింది.
ఫ్యానుకి నూనె పెట్టాలంటే మూడు సంతకాలట.
నీలం రిజిస్టరులో ఈ ఏడు ఐదు పేర్లే ఉన్నాయి,
ఏం సమాధానం చెప్తావని అడుగుతున్నారు.

క్లాసు ఐదు నిమిషాల ముందే వదిలేశాను.
గేటు వైపు పరిగెడుతున్నారు,
సంచులు ఎగురుతూ, అన్నీ వీపులే.
కిటికీ దగ్గర నిలబడి
ఒక్కొక్క వీపుకీ పేరు
గుర్తు తెచ్చుకుంటున్నాను.
పదకొండు దగ్గర ఆగిపోయాను.