నాలుగో చుట్టు

మేం ఐదుగురం. మోపెడ్డు ఒకటి.
మా అత్తనీ పిల్లల్నీ ముందు దింపొచ్చి
మళ్ళీ నాకోసం వచ్చాడు మా ఆయన,
మూడు మైళ్ళు, లాకుల మీదుగా.
కొత్తగా వదిలిన కాలవ నీళ్ళు మాతోపాటే వస్తున్నాయి చీకట్లో.
హెడ్‌లైటు వెలగదు. మెకానిక్కు బండి కదా.

పెనుగొండ అవతల నాలుగెకరాల చేలో దమ్ము పందెం.
నారుమళ్ళ హడావుడి మొదలవకముందే
ఇనప చక్రాలు తొడుక్కున్న ట్రాక్టర్లు
బురదలో గుండ్రంగా నాలుగు చుట్లు తిరగాలి.
ముందొచ్చినవాడికి ఫ్రిజ్జు.

గట్టు మీద యూరియా సంచులు పరిచాను.
కెజియా అప్పుడే చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది,
ఒక్క ఇంజనూ మొదలవకుండానే.
మా అత్తకి ఆ అవసరం లేదు.
ముప్పై ఏళ్ళ రైసుమిల్లు
ఆవిడ చెవుల్ని ఊకతోపాటే ఊదేసింది.
చెప్పులు విప్పి, పాదాలు గట్టుకి ఆనించి కూర్చుంది.
"వస్తున్నాయర్రా" అంది.
మాకు వినపడింది ఆ తర్వాత.

పదకొండో నంబరు ఎర్రబండి బుల్లిరాజు గారిది.
దాని క్లచ్చి బిగించింది మా ఆయనే.
ప్లేటు అరిగిపోయింది, కొత్తది తెప్పించండంటే
పందెం అయ్యాక చూద్దాంలే అన్నారట.
కూలి కూడా పందెం అయ్యాకే.
"మూడు చుట్లు తిరుగుద్ది. నాలుగోది నా చేతుల్లో లేదు."
నిన్న అన్నం తింటూ చెప్పాడు, గోడకి.

జెండా పడింది.
ముందు చప్పుడు, వెనకే బురద.
మొదటి చుట్టుకే షారోను గాడి తెల్లచొక్కా పోయింది.
పులిహోర డబ్బాకి మూత పెట్టేలోగా నాలుగు బొట్లు.
పిల్లలు మొహాలు చిట్లిస్తే
ఈ మట్టిలో మొలిచినప్పుడు లేని రోత
ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందర్రా అని
పైపైన తీసేసి తినేసింది అత్త.

జనమంతా బండ్ల వంక చూస్తున్నారు.
నేను మా ఆయన ఎడంకాలి వంక.
మలుపు వచ్చినప్పుడల్లా గట్టుని తొక్కుతున్నాడు.
కుడిచెయ్యి లుంగీ మీద గేర్లు మారుస్తోంది.
రెండో చుట్టు. ఎర్రబండి ముందు.
మూడో చుట్టు. ఇంకా ముందే.
కెజియా చెవుల్లోంచి వేళ్ళు తీసేసి
గొంతు చీరుకుపోయేలా అరుస్తోంది.
మా ఆయన కాలు తీసేశాడు.
"పోయింది" అన్నాడు.
బండి ఇంకా పోతూనే ఉంది.

కొబ్బరిచెట్ల వైపు మలుపులో
ఇంజను అరుస్తోంది, చక్రం కదలడం లేదు.
మిగతావన్నీ దాని మొహాన బురద కొట్టి వెళ్ళిపోయాయి.

అప్పుడు మైకు గరగరలాడింది.
"మెకానిక్కు దేవదానం గారూ,
దేవదానం గారు ఎక్కడున్నా వెంటనే చేలోకి రావలెను."

ఎవరో అనుకున్నాను ఒక్క క్షణం.
రేషను కార్డులో, అప్పు కాగితంలో, చర్చి చందా పుస్తకంలో
ఎక్కడా ఆ పేరుకి ఆ తోక చూళ్ళేదు నేను.
లుంగీ ఎగ్గట్టి, పానాల సంచి భుజానేసుకుని
దీపాల మధ్యకి దిగాడు, మోకాల్లోతున.
రెండుసార్లు జారాడు. జనం నవ్వారు.
మేమూ నవ్వాం.

బాగవలేదు. అవదని ఆయనకి తెలుసు.
బుల్లిరాజు గారు సీటు దిగకుండానే ఏదో అన్నారు,
ఈయనా ఏదో అన్నాడు,
పానా ఊపుతూ, కొంచెం ఎక్కువసేపే.
ఫ్రిజ్జు అత్తిలి వాళ్ళకి పోయింది.

ఇంటికెళ్ళే మొదటి ట్రిప్పుకి
పిల్లలెక్కారు గానీ అత్త ఎక్కలేదు.
"మైకులో ఏమన్నాడర్రా?"
షారోను చెవిలో చెప్పాడు. అందలేదు.
కెజియా అరిచి చెప్పింది. బజ్జీల బండివాడు తిరిగి చూశాడు.
"దేవదానం అన్నాడు. అంతేగా?"
"గారు అన్నాడు మామ్మా. గారు. రెండుసార్లు!"
మా ఆయన కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు, అంటుకోవడం లేదు.
బురద కింద మొహం ఎలా ఉందో తెలీలేదు.
అత్త కెజియా గొంతు మీద వేళ్ళు ఆనించింది.
"ఏదీ, మళ్ళీ చెప్పు" అంది.