నీలం పీలిక

ఓడల జెండాలు కుట్టే మదీనా సాయిబు దగ్గర
నేను కాజాల కుర్రాణ్ణి.
వన్ టౌన్‌లో, దర్గా కొండ దిగువన
సింగరు మిషను పట్టగా మిగిలిన జాగాలో
నా మోకాళ్ళూ, ఒక ఇస్త్రీ పెట్టే.

ఇంగ్లీషు జెండా అంటే నడుం విరిగే పని.
సిలువ మీద సిలువ, దాని మీద ఇంకో సిలువ.
ఎర్రంచు పోగంత పక్కకి జరిగినా
హార్బరాఫీసు గుమాస్తా వెనక్కి పంపేవాడు.

ఒలందా జెండా అయితే పండగే.
ఎరుపు, తెలుపు, నీలం.
మూడు పీలికలు, రెండు కుట్లు,
మధ్యాన్నం బువ్వకి ముందే అయిపోయేది.
ఒలందా అంటే అప్పటికి నాకు తెలిసింది
భీమిలిలో గడ్డి మొలిచిన వాళ్ళ సమాధులే.

నలభైలో, ఎండలు మండుతున్నప్పుడు,
ఒలందా ఓడ మేటు ఒకడొచ్చి
ఆరు గజాల జెండా కావాలని
బయానా బల్ల మీద పెట్టాడు.
వాడి దేశాన్ని జర్మనీవాడు
అయిదు రోజుల్లో మింగేశాడని
పేపరు చదివే కంపౌండరు సన్నిబాబు చెప్పాడు.
"దేశమే లేనోడికి అంత జెండా ఎందుకు?" అన్నాను.
"ఉన్నప్పుడు చిన్నది సరిపోతుందిరా"
సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు సాయిబు.

ఆ ఓడ మళ్ళీ రాలేదు.
జెండా అల్మారాలో పడుకుంది,
కలరా ఉండల వాసనేస్తూ.

నలభై రెండు ఏప్రిల్లో
హార్బరు మీద బాంబులు పడ్డాయి.
పొద్దుగూకేసరికి ఊళ్ళో సగం
సింహాచలం రోడ్డు మీదుంది.
జట్కావాడు పది రూపాయలడిగాడు.
అమ్మ నెత్తిన బియ్యం మూట, నా నెత్తిన చెంబులు.
మమ్మల్ని దాటుకుంటూ ఒక దొరసాని
కుక్కని చంకనెత్తుకుని, ఒంటి చెప్పుతో.
అప్పటిదాకా
దొరలకి పరుగు రాదనుకునేవాణ్ణి.

బర్మా నుంచి నడిచొచ్చాడు మా చిన్నాన్న.
రంగూన్లో ముందు ఓడెక్కింది వాళ్ళేనట,
గేట్లకి తాళాలేసి మరీ.
అతని అరికాళ్ళు చూసి అమ్మ ఏడ్చింది.
నేను మాత్రం పక్కన చేరి
"వాళ్ళెలా పరిగెత్తారు, మళ్ళీ చెప్పు" అనేవాణ్ణి.
రోజూ చెప్పించుకునేవాణ్ణి.
సిగ్గేస్తుంది ఇప్పుడు. కొంచెమే.

యుద్ధం అయిపోయింది.
ఒక వానరోజు జావా కళాసీ సార్మిన్
చిరిగిన చొక్కా కుట్టించుకోడానికొచ్చి
అల్మారా వైపు చూసి ఆగిపోయాడు.
దించమన్నాడు. నేల మీద పరిపించాడు.
సాయిబు కత్తెర అందిస్తే వద్దన్నాడు.
పళ్ళతో కుట్టు కొరికి
ఈ కొస నుంచి ఆ కొసకి పర్రుమని లాగాడు.
నీలం ఊడి నా కాళ్ళ మీద పడింది.
ఎరుపూ తెలుపూ భుజాన వేసుకుని
"మెర్దేకా" అన్నాడు.
సాయిబు చెవికది "మర్ద్ కా" అని వినపడి
"ఆడవాళ్ళది కాదేం మరి?" అని నవ్వాడు.
సార్మిన్ నవ్వలేదు.
చేత్తో సముద్రం వైపు చూపించి
మళ్ళీ అదే మాట, మెల్లగా,
మాకు నేర్పుతున్నట్టు.
డబ్బు తీయబోతే సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు.
"బయానా ఒలందావాడే కట్టాడు, పో."

నలభై ఏడు ఆగస్టు.
గుడ్డకి రేషను, రంగుకి కరువు.
పోర్టు లాంచీకి కొత్త జెండా కావాలి, రేపటికి.
కాషాయం దొరికింది, ఆకుపచ్చ దొరికింది.
చక్రానికి నీలం ఊరంతా వెతికినా లేదు.
సాయిబు అల్మారా తెరిచాడు.

వలయాలు ఆయన కత్తిరించాడు,
ఆకులు నేను కుట్టాను, లాంతరు ముందు,
వేలికి రెండుసార్లు సూది దిగింది.
ఇరవైనాలుగు ఉండాలి.
మూడుసార్లు ఎంచితే మూడు లెక్కలొచ్చాయి.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
"గాల్లో ఎగిరేదాన్ని ఎవడు ఎంచుతాడు, ఇచ్చేయ్" అన్నాడు.

మిగిలిన బెత్తెడు నీలంతో
నా లాగు జేబుకి అతుకేశాడు.
బడిలో పంచిన బిళ్ళలు అందులోనే దాచుకున్నాను.

మా నాన్న పంచె, చెల్లి గౌను,
చివరికి ఇంట్లో మసిగుడ్డ కూడా
ఆ యేడంతా లేత నీలంగానే ఉన్నాయి.
చాకిరేవు నుంచి వస్తూనే అమ్మ తిట్టేది:
"ఏ దేశపు గుడ్డరా ఇది,
ఉతికిన పాలికల్లా
అన్నిటికీ అంటేస్తంది!"