పన్నెండు వోల్టులు

మూడు రాత్రులుగా ఇదే వరస.
సైదాబాద్‌లో మా మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన,
దూరదర్శిని అభిజిత్తు కోసం మలక్‌పేట వైపు తిరుగుతుంది,
సగంలో ఎక్కిళ్లు పెట్టి
ఆగిపోతుంది.
చేతిలో రిమోటు ఆరి, వెలిగి,
మళ్లీ మొదటినుంచి అడుగుతుంది:
తేదీ ఎంత? టైమెంత? నువ్వెక్కడున్నావు?

పదిహేడు పాయింట్ మూడు ఆరు ఉత్తరం,
డెబ్భై ఎనిమిదిన్నర తూర్పు.
ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు.

మీటరు పెడితే పన్నెండు పాయింట్ మూడు.
నిక్షేపంలా ఉంది.
అడాప్టర్ మార్చాను. ఫ్యూజు ఊడదీసి
దీపానికి అడ్డంపెట్టి చూశాను.
బోర్డుని పాత బనీనులో చుట్టి
గుజరాతీ గల్లీకి, మక్సూద్ భాయ్ కొట్టుకి తీసుకెళ్లాను.
కంటికి భూతద్దం బిగించి దాన్ని నిదానంగా చదివి,
"బోర్డుకేం కాలే సార్.
ఖాళీగున్నప్పుడు కొలిస్తే అందరూ పన్నెండే చూపిస్తరు.
బరువు మోసేటప్పుడు కొలువుండ్రి" అన్నాడు.
చాయ్ కూడా తనే తాగించాడు.

అలా కొలవాలంటే రెండు చేతులు చాలవు.
కింది వాటాలో మేదిని, పాలిటెక్నిక్ రెండో ఏడు,
టార్చి పళ్ల మధ్య కరుచుకుని
మూత తీసిన పెట్టెలోకి మీటరు మొనలు ఆనించింది.
మోటార్లు లేచాయి.
"పన్నెండు... పదకొండు... అంకుల్, తొమ్మిది!"
నోరు తెరిచింది కదా, టార్చి జారిపడింది.
చీకట్లో మళ్లీ ఎర్రగా అదే ప్రశ్న:
నువ్వెక్కడున్నావు?

తప్పు బోర్డులో లేదు,
వైరు వచ్చి దూరే రంధ్రంలో ఉంది.
నడుమ పిన్ను, బియ్యపుగింజంత,
నిలువునా చీలి ఉండాలి. ఆ చీలిక మూసుకుపోయింది.
ముట్టీ ముట్టనట్టు పట్టుకుని
వైరు మెలిపడగానే వదిలేస్తోంది.
బ్లేడు మొనతో వెంట్రుకవాసి వెడల్పు చేశాను.
అంతే.
దీనికి మూడు రాత్రులు, ఆటోకి నాలుగువందలు.

ఈసారి మలక్‌పేట దాటింది.
అభిజిత్తు మీద నిలిచి, వెనుదిరిగి
చంపాపేట మీదుగా శని దగ్గరికి పోయింది.
మేదిని అద్దం దగ్గర్నుంచి లేవలేదు చాలాసేపు.
"ఉంగరం ఇంత సన్నగుందేంటి?"

నా వంతు వచ్చేసరికి కర్మన్‌ఘాట్ వైపు నుంచి మబ్బు.
శని పోయాడు.
మోటారు మాత్రం
కనిపించని దాని వెంట చిన్నగా గుర్రుమంటూ
జరుగుతూనే ఉంది.

"ఆపేద్దామా అంకుల్?"
ఉండనీ అన్నాను, దోమల్ని కొట్టుకుంటూ.
ఎక్కడుందో దానికిప్పుడు తెలుసు.