ఉడికిన ఆకు

రాత్రి పదకొండున్నరకు
తడి తువ్వాల్లో చుట్టిన సెనక్కాయ రెమ్మలు
బల్ల మీద పెట్టి నిలబడ్డాడు ఓబులేసు.
గార్లదిన్నె అవతల నుంచి మోపెడ్ మీద తెచ్చాడు,
తన మూడెకరాల్లోంచే.
లాబ్ అటెండరుకు ఎవరూ చెప్పిన పని కాదది.
"మీ కుండీల్లోవి నీళ్లు తాగి బలిసినాయి మేడం.
ఇవి చూడండి, ఇవి మనోళ్లు."

ఆకులు బిళ్లలుగా కోసి సీసాలో వేసి
నల్లగుడ్డ కప్పాను.
చీకటే కావాలి నాకు.
పగలైతే వేరు పంపిన నైట్రేటును
ఒక ఎంజైము నైట్రైటు చేసి పక్కవాడికి అందిస్తుంది.
పక్కవాడు వెలుతురు మీద బతికేవాడు,
అందుకున్నది అందుకున్నట్టు అమ్మోనియా చేసేస్తాడు.
పొద్దు గూకితే వాడు చేతులు ముడుచుకుంటాడు.
మొదటిదానికి ఆ సంగతి వెంటనే తెలియదు,
చేస్తూనే ఉంటుంది.
వేలం ఆగిపోయిన మండీలో మూటల్లా
నైట్రైటు పేరుకుంటుంది.

అప్పుడు ఆ ఎంజైమే
తన లోపలి మాలిబ్డినం నలుసు మీద
నైట్రైటును కూర్చోబెట్టి
ఇంకొక్క ఆక్సిజను తెంపుతుంది.
మిగిలేది ఒక నైట్రోజను, ఒక ఆక్సిజను.
రంగు లేని గాలి, పుట్టిన కాసేపటికే పోయే గాలి.

గొట్టం గుండా బుడగలు బుడగలుగా నడిచి
చివరి సీసాలో పడింది.
నీళ్లలా ఉన్న మందు
నెమ్మదిగా గులాబి తిరిగింది.

"గడియారస్తంభం కాడ ఆటోల పొగలో ఉండేదీ ఇదే" అన్నాను.
"సెనక్కాయ చెట్టు బీడీ తాగుతాదా?" అని నవ్వి,
నవ్వు ఆపి,
"ఎందుకు?" అన్నాడు.

మా గైడు ఎప్పుడూ ఎంత అనే అడిగాడు.

ఆకు అడుగున సన్నని నోళ్లుంటాయి ఓబులేసూ,
నీళ్లు కరువైతే మూసుకోండని
వాటికి కబురు చేసేవాటిలో ఈ గాలీ ఒకటంటారు.
"నోరు మూసుకుంటే తిండెట్ల?"
తిండీ ఉండదు.
అతను తువ్వాలు పిండుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు.

పక్క సీసాలో ఉడకబెట్టిన ఆకు.
అదే చేను, అదే రెమ్మ, అదే మందు.
ఎంతసేపు చూసినా తేటగానే ఉంది.
ఎంజైము చేసిన పనేనని రుజువు కోసం పెట్టింది అది.
"సచ్చినోడు సాక్ష్యం ఏం చెప్తాడులే మేడం"
అని దాన్ని కడగడానికి తీసుకుపోయాడు.

అక్టోబరులో ఒక రాత్రి వాన పడింది.
రెండేళ్ల వాన, ఒక్క రాత్రే.
చేలో మూడు రోజులు మోకాలు లోతు నీళ్లు.
నాలుగో రోజు వేళ్లతో సహా చెట్లు పట్టుకొచ్చాడు,
ఎర్రమట్టి నేలంతా కారుతూ.
నీళ్ల కింద వేరుకు ఊపిరి ఆడక
ఉన్న నైట్రైటునే ఆసరా చేసుకుంటుంది.
మళ్లీ అదే గాలి.
ఆ రోజు వచ్చిన గులాబి
నా మూడేళ్ల రిజిస్టరులో ఎక్కడా లేదు.

అతను సీసాను దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు.
"ఎండినా ఇదే, మునిగినా ఇదేనా?
ఇంకో మాట రాదా దీనికి?"

నేను అంకెలు రాసుకుంటున్నాను,
రాయడం ఆపలేదు.

"బీమా సారు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు.
ఆకు పచ్చగానే ఉండాది కదా, నష్టమేడుంది అన్నాడు.
ఈ సీసా చూపిస్తే ఒప్పుకోరా మేడం?"

రబ్బరు బిరడా గట్టిగా బిగించి ఇచ్చాను.
పనికిరాదని నాకు తెలుసు,
తనకూ తెలుసనుకుంటా.
చొక్కా జేబులో నిలువుగా పెట్టుకుని
పైన తువ్వాలు కప్పి
మోపెడ్ ఎక్కాడు.
గుంతల కాడ దిగి తోసుకుంటూ పోవడం
గేటు దాటేదాకా కనిపించింది.