పదిహేను అంకెలు

ఆసుపత్రికి కొత్తగా వచ్చిన స్కానరు.
చేతికి అలవాటు కావాలని
దాని మెడ మీద ఆనించాను.
కూత పెట్టింది.

మిర్చి యార్డు కాపలా ఏసోబు ఉలిక్కిపడ్డాడు.
"లోపలేముంది సార్, బాంబా?"
బియ్యపు గింజంత చిప్పు, అన్నాను.
గింజలో పదిహేను అంకెలు.
అంకెల వెనక ఎవరో ఉంటారు.

"మూడేళ్లయింది, టిక్కీల మధ్య దొరికి.
రంగు చూసి గొడ్డుకారం అని పిలుస్తున్నా."
కంప్యూటరు మాత్రం రాక్సీ అంటోంది,
బ్రాడీపేట, మూడో అంతస్తు.

నాకెప్పుడో అనుమానం రావాల్సింది.
యార్డులో పుట్టిన కుక్కలు తుమ్మవు.
ఇది ఏటా ఫిబ్రవరిలో, కొత్త కాయ దిగగానే
తుమ్మి తుమ్మి నా బల్లెక్కేది.

ఫోను మోగుతోంది. ఏసోబు
తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
వెనక కుక్కరు మూడు విజిళ్లేసింది.
తర్వాత గొంతు తగ్గించి,
"చచ్చిపోయిందని బాబుకి చెప్పేశామండీ.
వాడు దాని పేరున కుండీలో బంతి నారు కూడా పెట్టాడు.
ఇంక ఈ నంబరుకి చేయొద్దు."

ఏం చెప్పాలో నేను వెతుక్కుంటుంటే
అతనే అడిగాడు:
"ఆ మిషన్లో పేరు మార్చడానికి ఎంతవుద్ది?"

అడ్రసు చెప్పమన్నాను.
"నాకెక్కడిది సార్. రాసుకోండి,
నాలుగో గేటు, కాటా పక్కన."

'గొ' దగ్గర ఉన్నాను, వెతికి వెతికి కొడుతూ.
అది తుమ్మింది.
తెర నిండా తుంపర్లు.