చెవి లేని అక్షరం

మిర్యాలగూడ బైపాసు పక్కన మా మిల్లుకు
బియ్యంల నల్లగింజలేరే మిషనొచ్చింది.
దాన్ని బిగించేటందుకు ల్యూ వచ్చిండు,
మెడల తువ్వాల, సంచి నిండ నూడుల్సు.

మూడోనాడు ఎలివేటర్ కాడ ఏదో కిర్రుమన్నది.
ల్యూ చెయ్యెత్తి, "షంగ్‌యిన్" అన్నడు.
ఫోన్ల చూస్తే: శబ్దం.
అర్థమైంది. బేరింగు పోయింది.

మాపటికి బస్తాల మీద కూసోని
ఎవరితోనో వీడియోల మాట్లాడిండు.
పెట్టేసినంక ఛాతి మీద చెయ్యేసుకొని
"అమ్మ. షంగ్‌యిన్."
అమ్మకు బేరింగేందని నేను నవ్విన.
ఆయన నవ్వలే.

మాకు దేనిది దానికే:
మనిషిది గొంతు, మిషనుది మోత,
పిల్లలది లొల్లి, పిల్లిది అలికిడి.
వడ్లు తొట్లె రాలే సరసర వేరు,
బియ్యం దిగే సరసర వేరు, జర పలుచన.
వాళ్లకేమో అన్నిటికీ ఒకటే గోనెసంచి
అనుకున్న.
అంతల సేటు అరిచిండు:
"సప్పుడు జెయ్యక పని జూడుండ్రి!"
మాదీ అదే సంచి.

పలకమంటే పలికిన.
పొద్దుగాల ఏడింటి సైరన్ లెక్క
రెండు ముక్కలూ ఎత్తు మీదనే సాగాలెనంట,
కిందికి దిగొద్దు.
మనం మాట మాటకూ చివర్ల దించేటోళ్లం,
పది సార్లకు గాని కుదరలే.

ఎవరన్న పోతుంటే వాళ్లూర్ల
"ఒక్క షంగ్ చెప్పి పో" అంటరంట.
మేం ఒక్క మాట అంటం.

హుడ్డు మీద తవుడుదుమ్ముల వేలుతో రాసిండు:
ఇది ఇప్పటి అక్షరం.
పక్కనే ఇంకోటి, పెద్దది:
ఇది మా తాత రాసేది.
పైన మోగే రాయి, కొట్టే చెయ్యి,
కింద చెవి.
బడిపిల్లలకు బరువైతుందని
చెయ్యి తీసేసిన్రు, చెవి తీసేసిన్రు.
రాయి ఒక్కటి మిగిలింది.

మట్టయ్య వంగి చూసిండు.
ముప్పై ఒక్కేండ్లు హల్లర్ కాడ నిలబడి
రెండు చెవులూ మిల్లుకే ఇచ్చినోడు.
మిషన్ ఒంటి మీద అరచెయ్యి ఆనిచ్చి
బెల్టు వదులైందో బిగిసిందో చెప్తడు.
చెవి బొమ్మను చూసి, తన చెవి తడుముకొని
ఏమీ అనలే.

ల్యూ ఒక్క షంగ్ చెప్పకుండనే పోయిండు.
రాత్రి రెండింటికి కారొచ్చిందంట.
నెల దాక మట్టయ్య ఆ హుడ్డు
చుట్టూ ఊడ్చిండు, నడుమ ఊడ్వలే.
తర్వాత కొత్త తవుడు పడ్డది.

ఇయ్యాల ఎలివేటర్ మళ్ల కిర్రుమన్నది.
నేను చెయ్యెత్తిన: షంగ్‌యిన్.
మట్టయ్యకు ఇనవడదు.
నా పెదవులు చూసి
గ్రీజు డబ్బ అందుకుండు.