అడుగు రేకు

మార్సా రేవు వెనక సందులో చెన్సు షెడ్డు.
బండిని ఒక పక్కకి ఒరిగించి
పాత టైర్ల మీద పడుకోబెట్టాం,
కడుపు మావైపు తిప్పి.
నీలం రంగు. అరవై అయిదు మోడలని కాయితం.
కాయితం పైనుంచి చదువుతుంది.
మేం కిందనుంచి.

ఈ దీవిలో సముద్రం
అడక్కుండానే ఇంటింటికీ ఉప్పు పంచుతుంది.
అది చుట్టంలా చొరబడి
తలుపు అంచున కాసేపు, గడప కింద కాసేపు కూర్చుని
తిన్నింటి వాసాలు లెక్కపెడుతుంది.
గరిటె తగిలితే చాలు
రేకు అప్పడంలా విరిగి నా ఒళ్ళో పడింది.

బర్మింగ్‌హామ్ నుంచి కొత్త రేకు వచ్చింది, అట్టపెట్టెలో.
అరవై రెండు నుంచి డెబ్భై దాకా
అన్నిటికీ సరిపోతుందని పైన చీటీ.
"అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిపోదు,"
చెన్సు దాన్ని గోడకి ఆనించి మళ్ళీ చూడలేదు.

తారు గోకుతున్నాను.
బడిలో చేర్చేటప్పుడు
పిల్లాడి చొక్కా ఎత్తి పుట్టుమచ్చ వెతికినట్టు.
పైన నిలబడి అడుగుతాడు,
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి:
"నీళ్ళు పోయే కంత గుండ్రమా, కోలా?"
గుండ్రం.
"గట్లు?"
అయిదు.
"బ్రేకు తీగ కొక్కెం?"
ఎడమ.
"అరవై అయిదే. వెనక్కి జరుగు."

వెనక సీటు కింద కంత
కోలగా ఉంది.
వేలు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను.
గట్లు ఏడు.
కొక్కెం కుడిపక్కకి మారింది.
రెండింటి మధ్య, తారు పొర కింద,
ఇటు నుంచి అటు దాకా ఇత్తడి గీత,
ఎవరో రాత్రిపూట తొందరగా కుట్టిన కుట్టులా.

చెన్సు మోకాళ్ళ మీదికి దిగాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"వెనక సగం వేరే బండిది,
అరవై ఎనిమిదిది."

మధ్యాహ్నం లుచియా వచ్చింది,
నూనె కాయితంలో వేడి పస్టిట్సీలు.
నాన్న విస్టిన్ కొత్తగా కొన్న బండి ఇది,
గీత కూడా పడనివ్వలేదని
ముందే వందసార్లు చెప్పింది.
మేం తిన్నాం.
తిని, వాసాలు లెక్కపెట్టి చూపించాం.

ఆమె ఇత్తడి గీత మీద చూపుడువేలు నడిపింది
ఈ చివర నుంచి ఆ చివరికి.
"నాకు ఏడేళ్ళప్పుడు ఒక వేసవంతా బండి ఇంట్లో లేదు.
జ్వరం అన్నాడు నాన్న. బండికి జ్వరం.
తిరిగొచ్చాక అమ్మ
ముందు సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు.
నా చెయ్యి పట్టుకోడానికి
వెనక్కి వచ్చిందనుకున్నాను."

కంప్రెసర్ దానంతటదే ఆగింది.
ఎవరమూ వేయలేదు.

ప్రదర్శనలో మార్కులు కోస్తారు,
అంతా అరవై అయిదు చేసేద్దాం,
ఎవరికీ తెలీదు అన్నాన్నేను.
తెలివైన మాటే అనుకున్నాను.
లుచియా నావైపు చూడలేదు.
"ఆ గుట్టు నాన్న బతికినంతకాలం మోశాడు," అంది.
"నన్నూ మొయ్యమంటావా?"

ఇత్తడి మాత్రం ఉండదు, చెన్సు ఖరాఖండిగా చెప్పాడు:
అది ఉంటే బండి నడుం ఏదో మలుపులో విరుగుతుంది.
ఆమె ఒప్పుకుంది.
కోసేశాం. మంచి వెల్డింగ్ వేశాను, నా చేతనైనంత.
ముందు అయిదు గట్లు, వెనక ఏడు,
ఒకటి గుండ్రం, ఒకటి కోల.
కోసిన ఇత్తడి పీచు ఆమె రుమాల్లో కట్టుకుపోయింది,
ఎందుకో అడగలేదు.

శనివారం రబ్బరు బిరడాలకి కొట్టుకెళ్ళాను.
"ఏ సంవత్సరం?"
రెండు రకాలూ ఇమ్మన్నాను.
"ఒక్క బండికి రెండు రకాలుండవమ్మా,"
గొణుక్కుంటూనే డబ్బాలో చెయ్యి పెట్టాడు.